బీరువా వెనుక రాజ్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగము యొక్క పాఠము)



గ్రంథాలయము ఇరువదియైదేండ్లు పూర్తి చేసికొన్న పండుగనాడు భారత భాగవతములను గూర్చి ప్రసంగించుట పరిపాటి. పిల్లల కథను, అందునను ఎక్కడను లేని యొక రాజ్యమునకు సంబంధించిన కథను ప్రసంగ విషయముగా గైకొనుట కొందరికి వింతగా దోపవచ్చును. కల్పిత కథలు ప్రొద్దు పుచ్చుటకే గాని బుద్ధి పెంచుటకు గావను తలంపు పెద్దలలో గలదు. పుస్తకముల కొనుగోలుకు సొమ్ము కొద్దిగా నున్నచోట ఈ తలంపునకు బలము హెచ్చు. అది యెంతవరకు సరియో, ఒక్క పుస్తకమును చేత బట్టి లెక్క చూచుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

ఆ పుస్తకము పేరు 'ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్రోబ్'. సింహము, మాయావిని, బట్టల బీరువా అని దాని యర్థము. 1950వ సంవత్సరము అక్టోబరు మాసమున ఇంగ్లండులో వెలువడినది. నార్నియా అను కల్పిత రాజ్యమును గూర్చిన ఏడు నవలలలో మొట్టమొదట ప్రకటింపబడినది ఇదియే. ఏటికొకటి చొప్పున వెలువడి, ఏడవది 1956లో వచ్చినది. వీనికి బొమ్మలు వ్రాసినది పౌలీన్ బేన్స్ అను చిత్రకారిణి.

గ్రంథకర్త సి. ఎస్. లూయిస్. ఆయన 1898లో ఐర్లండులోని బెల్ఫాస్టు నగరమున జన్మించెను. తొమ్మిదేండ్ల ప్రాయమున, 1908లో, తల్లిని గోల్పోయెను. మొదటి ప్రపంచ యుద్ధమున సైనికుడై, తన పందొమ్మిదవ పుట్టినరోజున ఫ్రాన్సులోని యుద్ధరంగమును చేరెను, 1918లో గాయపడెను. 1925 నుండి 1954 వరకు ఆక్స్‌ఫర్డులో అధ్యాపకుడుగా నుండి, పిదప కేంబ్రిడ్జిలో మధ్యయుగ సాహిత్యమునకు ఆచార్యుడయ్యెను. 1963లో పరమపదించెను. ప్రాచీన కావ్యములను ఆమూలాగ్రము పఠించిన పండితుడు పిల్లలకు కథ చెప్పుటకు గూర్చుండెనన్న మాట. పండితుడు పిల్లల యెదుట తన పాండిత్యమును దాచుకొనగలుగుట సామాన్య విషయము గాదు.

ఈ కథ ఆయన మనస్సున మొలకెత్తిన విధమును ఆయనయే చెప్పియున్నాడు. పదునారేండ్ల వయస్సున ఒక చిత్రము ఆయన తలపునకు వచ్చినది. మంచు గప్పిన అడవి. అందు నడుము వరకు మనుష్యుడు, క్రింద మేకకాళ్లు గల యొక ప్రాణి గొడుగు పట్టుకొని, చేత పొట్లములతో నడచిపోవుచున్నాడు. ఆ చిత్రము ఆయనతో ఇరువదినాలుగేండ్లు కాపురము చేసినది. నలుబది యేండ్లు వచ్చునప్పటికి దానిని కథగా మలచ యత్నించెను. సింహము కథలోనికి దుమికి వచ్చిన పిమ్మట గాని తక్కిన దంతయు ఒక దారిని బడలేదట. విత్తనము నాటిన వెంటనే పంట కోయవలెనను తొందర గలవారు ఈ సంగతిని గమనింతురు గాక.

కథకు పునాది కల్పితము గాదు. 1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచ యుద్ధము మొదలగుటతో, విమానముల బాంబులకు వెరచి, ఇంగ్లండు పట్టణములనుండి పిల్లలను, పసిబిడ్డల తల్లులను కొలది దినములలో పల్లెలకు దరలించిరి. అట్లు తరలినవారు సుమారు 15 లక్షలమంది. తల్లిదండ్రులను విడిచి, మెడలో పేరు చీటీలతో రైలెక్కిన ఆ పిల్లలలో కొందరికి లూయిస్ ఇంట నాశ్రయము దొరకినది. కథలోని నలుగురు తోబుట్టువులు, పీటర్, సూసన్, ఎడ్మండ్, లూసీ అనువారు, ఆ విధముగానే లండను విడిచి ఒక వృద్ధాచార్యుని పల్లెటూరి యింటికి వచ్చిరి. ఆ యిల్లు రైలు స్టేషనునకు పది మైళ్లు, తపాలా కచేరికి రెండు మైళ్లు దూరమున నున్నదని గ్రంథకర్త మొదటి పుటలోనే లెక్క చెప్పుచున్నాడు. లేని రాజ్యమునకు బోవుటకు ముందు ఉన్న ఊరి కొలతలు సరిగా జెప్పుట మంచి కథకుని లక్షణము.

వాన కురియుచున్న దినమున పిల్లలు ఇల్లంతయు చూచుచు తిరుగుచుండగా, కడగొట్టు బిడ్డయగు లూసీ ఒక బట్టల బీరువాలో దూరెను. బొచ్చు కోటులను ప్రక్కకు దొలగించుకొని ముందునకు బోగా పోగా వెనుక చెక్క తగులలేదు. కాలి క్రింద మంచు తగిలెను. ఎదుట అడవి. అడవి నడుమ వెలుగుచున్న వీథి దీపస్తంభ మొకటి. గొడుగు పట్టిన మేకకాళ్ల మనిషి ఆమెను జూచి పొట్లములు జారవిడిచెను. ఆతని పేరు టమ్నస్. ఆతడు ఆమెను తన గుహకు గొనిపోయి తేనీరిచ్చి ఆదరించెను. గ్రంథాలయ సభ్యులకు ఇంపైన సంగతి యొకటి ఆ గుహలో గలదు. ఆతని పుస్తకముల అరలో, మనుష్యుడనువాడు నిజముగా గలడా, కట్టుకథయా అని చర్చించు గ్రంథ మొకటి యుండెను. మనకు కిన్నరుడు కథయైనట్లు, ఆతనికి మానవుడు కథ! తన లోకమే నిజము, ఎదుటివాని లోకము కల్ల అనుకొను గర్వమునకు ఇంతకంటె మృదువైన మందలింపు దొరకదు.

నార్నియా దేశము శ్వేత మాయావిని యేలుబడిలో నున్నది. అక్కడ ఎల్లప్పుడును శీతకాలమే. పండుగ మాత్రము రాదు. ఎదిరించినవారిని ఆమె తన దండముతో తాకి రాతిబొమ్మలుగా జేయును. మానవ సంతతి కనబడినచో పట్టియిమ్మని టమ్నస్‌కు ఆమె ఆజ్ఞ. ఆతడు ఏడ్చి, తన తప్పొప్పుకొని, లూసీని సురక్షితముగా దీపస్తంభము కడకు దాటించెను.

లూసీ తిరిగి వచ్చి చెప్పగా ఎవరును నమ్మలేదు. అక్కడ గంటలు గడచినను ఇక్కడ క్షణమైనను గడువలేదు. భాగవతమున కకుద్మి మహారాజు కుమార్తె రేవతిని వెంటగొని బ్రహ్మలోకమునకేగి, ఒక్క గానము ముగియునంతసేపు నిలిచి వచ్చునప్పటికి, భూలోకమున ఇరువదియేడు చతుర్యుగములు గడచిపోయినవి. ఇక్కడ లెక్క తలక్రిందు. కాలము ఎల్లచోట్ల ఒకే తూనికతో దూగదను ఊహ మాత్రము రెంటను ఒకటియే.

వృద్ధాచార్యుడు ఈ తగవును విచారించిన తీరు న్యాయస్థానమునకు దగినది. పిల్ల అబద్ధమాడుచుండవలెను, లేదా మతి చలించి యుండవలెను, లేదా నిజము చెప్పుచుండవలెను. లూసీ, ఎడ్మండులలో నిజము చెప్పు అలవాటు ఎవరిదని ఆయన యడిగెను. లూసీదే యని అన్న యొప్పుకొనెను. మతి చలింపలేదని చూడగనే తెలియుచున్నది. కావున వేరు సాక్ష్యము దొరకువరకు ఆమె చెప్పినది నిజమని యెంచవలెనని తీర్పు. ఇది మాయకథలోని తర్కమని త్రోసివేయరాదు. చిన్నవారు చెప్పినది వింతగా నున్నదను కారణముచేతనే అబద్ధమని తేల్చు ఇండ్లు ఎన్నియో గలవు. మాట వింతగా నున్నదా యని గాక, మాట చెప్పినవారి నడవడి యెట్టిదని చూడుమని ఆచార్యుని బోధ.

ఇక ఈ కథకు గుండెకాయ రెండవ కుమారుడైన ఎడ్మండ్. ఆతడును ఒకనాడు బీరువాలోనుండి నార్నియాకు బోయి మాయావిని కంటబడెను. ఆమె ఆతనికి టర్కిష్ డిలైట్ అను మెత్తని చక్కెర మిఠాయి నిచ్చెను. అది తిన్నకొలది ఆశ పెంచు మంత్రపు మిఠాయి. అన్నను, అక్కను, చెల్లెలిని తెచ్చి యప్పగించినచో ఇంకను పెట్టుదుననియు, రాజును జేయుదుననియు ఆమె ఆశ జూపెను. ఈ పుస్తకము వెలువడిన 1950 నాటికి ఇంగ్లండున మిఠాయి ఇంకను రేషను సరకే. 1942లో పెట్టిన ఆ కట్టుబాటు, 1949లో కొలదికాలము సడలి, 1953లో గాని తొలగిపోలేదు. కనుక ఆనాటి పిల్లవానికి మిఠాయి డబ్బా యన్న నేమో పెద్దలు ఊహించుకొనవలెను. ఐనను గ్రంథకర్త ఎడ్మండును క్షమించి విడువలేదు. ఆమె దుష్టురాలని ఆతని లోపలి మనసునకు దెలియుననియే వ్రాసెను. తెలిసియు, తెలియనట్లు తనకు దాను నచ్చచెప్పుకొనెను. ద్రోహము పుట్టుచోటు అదియే. తిరిగి వచ్చిన వెనుక లూసీ మాట నిజమని యెరిగియు, అంతయు ఆటయని అన్నకు జెప్పి ఆమెను ఏడ్పించెను.

నలుగురును కలసి నార్నియాలో నడుగిడునప్పటికి టమ్నస్ చెరలో బడియుండెను. లూసీ ఆతని యింటికి వచ్చిన సంగతి మాయావినికి జెప్పినవాడు ఎడ్మండే. బీవర్ అను జలజంతువుల దంపతులు పిల్లలకు అన్నము పెట్టి, రాజ్యమునకు నిజమైన ప్రభువగు ఆస్లాన్ అను సింహము తిరిగి వచ్చుచున్నాడని చెప్పుచుండగనే, ఎడ్మండ్ మెల్లగా జారుకొని శత్రువు గృహమునకు బోయెను. తోబుట్టువులను విడిచిన వాడెల్ల ద్రోహి గాడు. విభీషణుడును అన్నను విడిచెను. ఆతడు విడిచినది అధర్మమును. ఎడ్మండ్ విడిచినది మిఠాయికొరకు. అక్కడ ఆతనికి దొరకినది ఎండు రొట్టెయు నీళ్లును. దారిలో, పండుగ విందు చేసికొనుచున్న చిన్న జంతువులను మాయావిని రాళ్లుగా మార్చుట ఆతడు చూచెను. తనను గూర్చి గాక ఇతరులను గూర్చి ఆతడు మొట్టమొదట జాలిపడినది అప్పుడే. పశ్చాత్తాపమునకు తొలిమెట్టు తన కష్టమునకు ఏడ్చుట గాదు, పరుల కష్టము కంటబడుట యని ఇక్కడ తెలియుచున్నది.

మంచు కరగెను, సెలయేళ్లు కదలెను. ఆస్లాన్ సేన ఎడ్మండును విడిపించి తెచ్చెను. తెల్లవారుజామున ఆస్లాన్ ఆతనిని ఒంటరిగా దీసికొనిపోయి మాటాడెను. ఏమి మాటాడెనో గ్రంథకర్త చెప్పలేదు. గడచినదానిని గూర్చి ఆతనితో ఇక ప్రస్తావింప బనిలేదని మాత్రము ఆస్లాన్ తక్కినవారితో ననెను. తప్పు చేసినవానిని నలుగురిలో నిలువబెట్టి దులుపుట తీర్పని భ్రమపడువారికి ఈ ఘట్టము చదివి వినిపింపవలయును.

ఐనను కథ అంతటితో ముగియలేదు. మాయావిని వచ్చి తన హక్కును అడిగెను. ద్రోహి యగువాడు తన సొత్తనియు, వాని రక్తము తనకు చెల్లవలెననియు రాజ్యము పుట్టిననాడే రాతిబల్లపై చెక్కిన ధర్మము. ఆ హక్కు చెల్లనిచో రాజ్యమే నశించును. ఆ ధర్మమును దాటుటకు ఉపాయము లేదా యని సూసన్ ఆస్లాన్ చెవిలో నడిగెను. ఆతడు ఆ మాటకే కనుబొమలు ముడిచెను. బలమున్నది గదా యని మాయావినిని తరిమివేయలేదు. చెక్కిన అక్షరములు చెరిపివేయలేదు.

జమాఖర్చులు చూచినవారికి ఈ చోటున గ్రంథకర్త యెంత నిక్కచ్చిగా నున్నాడో తేటపడును. పద్దులో వ్రాసిన బాకీని గీత గీసి కొట్టివేసినంత మాత్రమున అది తీరదు. ఎవరో యొకరు చెల్లింపవలయును. లేదా ఎవరో యొకరు ఆ నష్టమును భరింపవలయును. క్షమయనగా లెక్కను తప్పుగా వ్రాయుట గాదు. ఎదుటివాని బాకీని తన ఖాతాలో వ్రాసికొనుట. ఆస్లాన్ చేసినది అదియే. మాయావిని తన హక్కు వదలుకొన్నదని సభకు ప్రకటించెను గాని, అందులకు వెల యేమో చెప్పలేదు.

ఆ రాత్రి ఆతడు ఒంటరిగా రాతిబల్ల కడకు నడచెను. సూసన్, లూసీ నిద్రపట్టక వెంబడించిరి. శత్రువులు ఆతనిని కట్టివేసి, జూలు గొరిగి, పరిహసించి, చంపిరి. ఆతడు ఎదిరింపలేదు. తెల్లవారు వరకు ఆ యిద్దరు బాలికలును శవము కడ విలపించిరి. చిట్టెలుకలు వచ్చి కట్లు కొరికినవి. సూర్యోదయ సమయమున రాతిబల్ల రెండుగా బ్రద్దలయ్యెను. ఆస్లాన్ సజీవుడై నిలిచెను. మాయావిని యెరిగిన ధర్మము కాలము మొదలైననాటిది మాత్రమే. కాలమునకు పూర్వమైన ధర్మ మొకటి గలదు. ద్రోహ మెరుగనివాడు ద్రోహికి బదులుగా తనంతట తాను ప్రాణమర్పించినచో బల్ల పగిలి మృత్యువే వెనుకకు నడచును. దస్తావేజు చేత బట్టుకొని వచ్చిన మాయావిని అంతకంటె పాత దస్తావేజు గలదని యెరుగక యోడిపోయెను.

లూయిస్ క్రైస్తవ విశ్వాసము గలవాడు. ఏసుక్రీస్తు బలి ఈ ఘట్టమునకు మూలమని చదువరులెల్ల గుర్తింతురు, ఆయనయు దాచలేదు. మాటాడు జంతువుల రాజ్యమొకటి యుండి, అక్కడ భగవంతుడు అవతరింపవలసి వచ్చినచో ఎట్లుండునో యని యూహించితినని ఆయన చెప్పెను. ఐనను ఈ ధర్మసూక్ష్మము ఒక్క మతమువారి సొత్తు గాదు. ఎఱ్ఱన తెనిగించిన అరణ్యపర్వ శేషమున సావిత్రి, యముని ధర్మమును అతిక్రమింపకయే, ఆతని వాక్కుతోనే ఆతనిని బంధించి పతిని గ్రహించెను. దధీచి తన యెముకలను, శిబి తన మాంసమును పరులకై యిచ్చిరి. చట్టమును త్రోసివేయక చట్టమును మించుట గొప్పవారి మార్గమని ఇరుదేశముల కథలును పలుకుచున్నవి.

ఆస్లాన్ రాతిబొమ్మలపై ఊదగా అవి ప్రాణము పొందెను. యుద్ధమున అందరును మాయావినిపై బడి రాళ్లగుచుండ, ఎడ్మండ్ మాత్రము ఆమె చేతి దండమును ఖండించెను. ఎవరు మోసపోయిరో వారికే మోసము యొక్క ఆయువుపట్టు తెలిసినది. ఆతడు ప్రాణాపాయముగా గాయపడగా లూసీ తన యొద్దనున్న ఔషధపు చుక్క పోసి బ్రతికించెను. నలుగురును సింహాసనముల నెక్కిరి. ఎడ్మండునకు లభించిన బిరుదు 'న్యాయవంతుడు'. ఒకప్పటి ద్రోహియే తీర్పు చెప్పుటలో దిట్టయయ్యెను. పెక్కేండ్లు రాజ్యమేలి, ఒకనాడు తెల్లని దుప్పిని వెంబడించి దీపస్తంభము దాటి బీరువాలోనుండి వెలువడగా, వారు మరల పిల్లలే. పోయిన నిమిషమే ఇంకను జరుగుచుండెను.

గుణములతోపాటు దోషమును జెప్పుట విమర్శ ధర్మము. స్త్రీలు పోరాడిన యుద్ధములు వికారముగా నుండునని ఒక పాత్రచేత బలికించుట నేటి చదువరులకు రుచింపదు, రుచింపనవసరమును లేదు. ఐనను రాతిబల్లకడ తుదివరకు నిలిచి సత్యమును కన్నులార జూచిన సాక్షులు ఇద్దరు బాలికలే యనుట మరువరాదు.

ఏ సంపుటము ముందు చదువవలెనను ప్రశ్న గలదు. 1955లో వచ్చిన ఆరవ నవలలో రాజ్యము పుట్టిన కథ యున్నది. 1994 నుండి ఇంగ్లీషు ముద్రణములలో దానికి మొదటి సంఖ్య వేయుచు వచ్చిరి. ఐనను 1950 నాటి పుస్తకమునే ముందు చదువుట మేలు. మంచు నడుమ దీపస్తంభ మేల యున్నదో తెలియక ఆశ్చర్యపడు భాగ్యము ఒక్కసారియే లభించును.

కడపట ఒక మాట. యుద్ధానంతరమున లూసీ అక్కను రహస్యముగా అడిగెను: ఆస్లాన్ తనకొరకు చేసినది ఎడ్మండునకు దెలియునా? తెలియదు; తెలిసినచో ఆతడు భరింపలేడని సూసన్. ఐనను తెలియవలెనని లూసీ. అంతలో ఎవరో పిలువగా ఆ మాట అక్కడనే నిలిచిపోయినది. గ్రంథకర్త తీర్పు చెప్పలేదు. అన్నదమ్ముల తగవులు, పాలివారి పొరపొచ్చెములు తీర్చుకొను ప్రతి యింటను ఈ ప్రశ్న గలదు. తల్లి పస్తుండి తీర్చిన కొడుకు అప్పును, అన్న తన పొలమమ్మి కాచిన తమ్ముని పరువును వారికి చెప్పవలెనా, దాచవలెనా? చెప్పిన భారము, దాచిన కృతఘ్నత. పిల్లల కథ పెద్దల యెదుట ఇట్టి ప్రశ్నను నిలుపగలిగినది. కల్పిత కథలు ప్రొద్దు పుచ్చుటకే యనువారు ఈ యొక్క ప్రశ్నకు బదులు చెప్పి, పిమ్మట ఆ మాట యందురు గాక.

పింగళి సూరన పదునారవ శతాబ్దమున పురాణముల నాశ్రయింపక స్వకల్పిత కథతో కళాపూర్ణోదయమును నిర్మించెను. కల్పనకు తెలుగువారు క్రొత్తవారు గారు. గ్రంథాలయపు బీరువాకును వెనుక చెక్క లేదు. తలుపు తీసి లోనికి బోయిన కొలది రాజ్యములు గలవు. ఆ తలుపు తాళము తీసియుంచుటయే రాబోవు ఇరువదియైదేండ్ల పని.

స్వస్తి.